పూలిస్తే సరిపోతుందా?

*నవ్విస్తూ సాగే మాయాలోకపు ఆటల్లో ప్రేమ ఎంత ఉండాలి, ఎలా ఉండాలి? ప్రపంచమంతటా ఆటగాళ్ళు అడుగుతున్న ప్రశ్న ఇది. పాలమూరు నేల దీనికి ఎప్పుడో కొన్ని జవాబులు చెప్పింది.*

వనపర్తిలో ఒక ఇంటి వరండా. ఆదివారం పొద్దున. చాప మీద పల్లికాయ కుప్ప, చుట్టూ పొట్టు. డిగ్రీ చదివే అక్క చేటలోకి గింజలు ఒలుస్తోంది. ఇంటర్ చదివే తమ్ముడు గోడకు ఆనుకుని ఫోనులో మునిగిపోయాడు. ఉన్నట్టుండి వాడి ముఖం వాడిపోయింది.

“ఏందిరా, ముఖం గట్ల వెట్టినవ్?”

“పూలగుత్తి ఇస్తె తీస్కోలే అక్కా.”

“ఎవలు?”

“అబిగేల్.”

అక్క చెయ్యి ఆగింది. గబుక్కున లేచొచ్చి ఫోను చూసింది. తెర మీద ఊదారంగు జుట్టున్న బొమ్మపిల్ల. హమ్మయ్య అనుకుని మళ్ళీ పల్లికాయ ముందు కూర్చుంది.

“ఆటల పిల్లనా! ఎన్నొద్దులసంది మాట్లాడుతున్నవ్ ఆమెతోని?”

“ఎక్కువ మాట్లాడలే. లియాతోని మంచిగ దోస్తీ అయినంక దుకాణంల పూలు అమ్మవట్టిన్రు. కొని ఈమెకిచ్చిన.”

“లియా పున్నెమాని దొరికిన పూలు తీస్కపోయి అబిగేల్‌కిస్తె ఎట్ల తీస్కుంటదిరా? పూలిస్తె సరిపోతదా? ఆ పిల్లకేం ఇష్టమో అర్సుకున్నవా?”

వాడు కాసేపు ఆలోచించాడు. “గుమ్మడికాయ ఇష్టమంట.”

“అయితె పో, గుమ్మడికాయ పండియ్యి.”

ఆ ఆట పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. 2016 ఫిబ్రవరి 26న విడుదలైంది. ఎరిక్ బరోన్ అనే అమెరికా యువకుడు దాదాపు నాలుగున్నరేళ్ళు ఒంటరిగా కూర్చుని బొమ్మలు, సంగీతం, కథ, ప్రోగ్రాం అన్నీ తానే తయారు చేశాడు. 2024 డిసెంబరు నాటికి నాలుగు కోట్ల పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. కథ చిన్నదే. పట్నంలో ఒక పెద్ద కంపెనీ ఆఫీసులో విసిగిపోయిన మనిషి, తాత రాసిచ్చిన పొలం వెతుక్కుంటూ పల్లెకు వస్తాడు, లేదా వస్తుంది. ముళ్ళకంపలు కొట్టి, రాళ్ళు ఏరి, విత్తనం నాటుతారు. ఊళ్ళో అందరితో పరిచయం పెంచుకుంటారు. అడవి అంచున గోపురంలో ఒక మాంత్రికుడు, గనిలో జిగురు భూతాలు, పాడుబడిన భవనంలో యాపిల్ పండంత వనదేవతలు ఉంటారు. అంతా సరదాగా నడుస్తుంది. అందులోనే ప్రేమ, పెళ్ళి కూడా ఉన్నాయి.

తట్ట, పార పట్టుకుని ఊళ్ళకు ఊళ్ళు ముంబయి, పుణె బస్సులెక్కిన ఉమ్మడి పాలమూరు జిల్లా మనది. ‘పాలమూరు లేబర్’ అన్న మాట దేశమంతా ఎరుగుదురు. అలాంటి చోట, పట్నం వదిలి పల్లెకు తిరిగొచ్చి పొలం దున్నుకునే కథను ఒక కుర్రాడు ఫోనులో ఇంత ఇష్టంగా ఆడుతున్నాడంటే అది ఊరికే పొద్దుపోక చేసే పని అనిపించదు.

ఆటంటే జూదమేనా?

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతటా నిషేధించింది. తెలంగాణ 2017లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి అలాంటి ఆటలకు అడ్డుకట్ట వేసింది. రమ్మీలోనూ బెట్టింగులోనూ మునిగి అప్పులపాలైన కుటుంబాలను చూశాక ఆ చట్టాలు ఎందుకు వచ్చాయో వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ వేడిలో ఇంకొకటి కూడా జరిగింది. పిల్లవాడి చేతిలో ఏ ఆట కనిపించినా ఇంట్లో వాళ్ళు ఉలిక్కిపడుతున్నారు. పందెం ఆటకూ కథ ఆటకూ తేడా వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

కథ ఆటలో గెలుపు ఓటములు పెద్ద విషయం కాదు. ఎదుటి పాత్ర ఒక మాట అంటుంది. మీ ముందు మూడు నాలుగు జవాబులు కనిపిస్తాయి. మీరు ఎంచుకున్న జవాబును బట్టి కథ మలుపు తిరుగుతుంది. ఇవాళ ఈ ఆటలు ఆడేవాళ్ళ మధ్య నడుస్తున్న వాదమల్లా రెండు విషయాల మీదే. ఒకటి, అందులో ప్రేమ ఎలా ఉండాలన్నది. రెండోది, నవ్వు పాలు ఎంతుండాలన్నది.

తొందరపడిన మాంత్రికుడు

2023 ఆగస్టులో బాల్డర్స్ గేట్ 3 అనే ఆట వచ్చింది. బెల్జియంలోని లేరియన్ స్టూడియోస్ చేసింది. ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆట పురస్కారం అందుకుంది. అందులో ఆటగాడి వెంట నడిచే తోటి ప్రయాణికుల్లో గేల్ అనే మాంత్రికుడు ఒకడు. మాటకారి, పుస్తకాల పురుగు, మంచివాడు. విడుదలైన కొత్తలో ఆటగాళ్ళు ఒక్క గొంతుతో ఫిర్యాదు చేశారు. రెండు మంచి మాటలు మాట్లాడితే చాలు, గేల్ ప్రేమ కబుర్లలోకి దిగిపోతున్నాడని. అతణ్ణి స్నేహితుడిగా ఉంచుకోవాలనుకున్నవాళ్ళకు మరీ ఇబ్బందిగా ఉండేది. చివరికి స్టూడియో అధిపతి స్వెన్ వింకే వివరణ ఇచ్చారు. పాత్రల అభిమానం పెరిగే లెక్కలో పొరపాటు జరిగిందని, గేల్ అంత తొందరపడేవాడిగా ఉండాలని తాము అనుకోలేదని.

ఆటగాళ్ళు కోరింది ఎక్కువ ప్రేమను కాదు. కాస్త ఆగమన్నారు. స్నేహాన్ని స్నేహంగా ఉండనివ్వమన్నారు. ఇప్పటి కుర్రకారుకు ఫోనులో ప్రేమ బొమ్మలు తప్ప మరేమీ పట్టదని తేల్చేసే పెద్దలు ఈ సంగతి తెలుసుకోవాలి.

స్టార్‌డ్యూ వ్యాలీలోనూ ఇలాంటిదే జరిగింది. మొదట పెళ్ళాడదగిన పాత్రలు పదిమందే ఉండేవారు. 2016 అక్టోబరులో షేన్, ఎమిలీ చేరారు. షేన్ అందగాడేం కాదు. తాగుతాడు, విసుక్కుంటాడు, తన మీద తనకే గౌరవం లేనివాడు. అయినా ఆటగాళ్ళలో చాలామంది అతణ్ణే ఎంచుకుంటారు. కోళ్ళను ప్రేమగా పెంచే ఆ మనిషిని మెల్లగా మామూలు బతుకులోకి తీసుకురావడం వాళ్ళకు నచ్చింది. పెళ్ళి కాగానే కథ ఆగిపోతోందని, పెళ్ళికి ముందు ముచ్చట్లు చెప్పినవాళ్ళు ఆ తర్వాత అవే నాలుగు మాటలు తిప్పి తిప్పి చెబుతున్నారని ఇంకో ఫిర్యాదు చాలాకాలం ఉండేది. 2019లో వచ్చిన మార్పుల్లో పెళ్ళి తర్వాతి ఘట్టాలు కూడా చేర్చారు. మన సినిమాల్లో శుభం కార్డుతో కథ ముగిసిపోతుంది. ఈ ఆటగాళ్ళు మాత్రం మర్నాడు పొద్దున ఏం జరిగిందో చెప్పమన్నారు.

అసలు ప్రేమే వద్దనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కోసం అదే ఆటలో క్రోబస్ ఉంది. ఊరి కింద మురుగుకాలువలో బతికే నల్లటి నీడ జీవి, మహా సిగ్గరి. దానితో స్నేహం బాగా ముదిరితే ఇంటికి పిలుచుకుని తోడుగా ఉండమనవచ్చు. పెళ్ళి ఊసే ఉండదు. ఒంటరిగా ఉండలేక, పెళ్ళీ చేసుకోలేక సతమతమయ్యేవాళ్ళకు ఇలాంటి గౌరవమైన దారి చూపిన కథలు మన దగ్గర ఎన్ని ఉన్నాయో ఆలోచించండి.

---

ఆ ఊళ్ళో పెళ్ళి కావాలంటే

• ఒక్కొక్కరికి రోజుకు ఒకటి చొప్పున వారానికి రెండు కానుకలే ఇవ్వాలి. పుట్టినరోజు కానుక దీనికి అదనం.

• ఒక్కొక్కరి ఇష్టం ఒక్కో తీరు. అబిగేల్‌కు గుమ్మడికాయ, హేలీకి కొబ్బరికాయ ఇష్టం.

• స్నేహానికి కొలమానమైన హృదయాలు ఎనిమిది నిండాకే పూలగుత్తి చెల్లుతుంది. అంతకుముందు ఇస్తే వద్దంటారు.

• పది హృదయాలు నిండాలి, ఇల్లు పెంచి కట్టుకోవాలి. వాన కురిసే రోజు సముద్రపు ఒడ్డున ముసలి నావికుడి దగ్గర ఐదువేల నాణేలకు పతకం కొనాలి. పిల్లకైనా పిల్లవాడికైనా అదే మంగళసూత్రం.

• విడిపోవాలంటే ఊరిపెద్ద ఇంట్లో పెట్టిన పుస్తకంలో సంతకం చేసి యాభైవేలు కట్టాలి.

---

నవ్వు ఎక్కడ ఆగాలి?

2015లో టోబీ ఫాక్స్ చేసిన అండర్‌టేల్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఒక పసిబిడ్డ భూతాల లోకంలో పడుతుంది. దారిలో భూతాలు అడ్డం వస్తాయి. కొట్టవచ్చు, కొట్టకుండా మాట్లాడవచ్చు, జోకు చెప్పవచ్చు, కొందరితో సరసమూ ఆడవచ్చు. పాపిరస్ అనే అస్థిపంజరం ఉంటాడు. తనంత వీరుడు లేడనుకునే అమాయకుడు. అతనితో సరసమాడితే దాన్ని నిజమనుకుని, పుస్తకం ముందు పెట్టుకుని అందులో రాసినట్టు ఒక్కో మెట్టూ పాటిస్తూ ముచ్చటగా డేట్ నడిపిస్తాడు. ఆటగాళ్ళు కడుపుబ్బ నవ్వుకుంటారు. చివర్లో మాత్రం అతను నిజాయితీగా ఒప్పుకుంటాడు. నీలాగే నేనూ ఇష్టపడాలని ప్రయత్నించాను, నా వల్ల కాలేదు, స్నేహితులుగా ఉందాం అన్న అర్థం వచ్చేలా మాట్లాడతాడు. అప్పటిదాకా నడిచిన హాస్యం ఆ మాట దగ్గర పక్కకు తప్పుకుంటుంది. ఆ ఘట్టాన్ని ఇప్పటికీ జనం తలుచుకుంటారంటే కారణం అదే. పాపిరస్‌ను చూసి నవ్వుకున్నాం. ఆ నవ్వు అతణ్ణి చిన్నబుచ్చలేదు.

ఆటగాళ్ళలో రెండు పక్షాలు ఉన్నాయి. సరదా ఆట అన్నాక ప్రతి మాటలోనూ చమత్కారం ఉండాలనేది ఒక పక్షం. మనసు విప్పి మాట్లాడే వేళకు కూడా వెటకారం దూరితే ఇక ఆ పాత్రను నమ్మలేమనేది రెండోది. నాకు రెండో పక్షమే సరి అనిపిస్తుంది. ‘మాయాబజార్’ గుర్తు తెచ్చుకోండి. 1957 నాటి ఆ సినిమాలో ఘటోత్కచుడు మాయా శశిరేఖగా చేసిన అల్లరికి ఇప్పటికీ పడి పడి నవ్వుతాం. అసలు శశిరేఖ దిగులును మాత్రం దర్శకుడు కె.వి.రెడ్డి ఎక్కడా నవ్వులాటగా మార్చలేదు. రెండూ ఒకే కథలో, పక్కపక్కనే ఉన్నాయి.

ఆ పిల్లను ఎవరూ అడగలేదు

కంప్యూటరులో కథ ఆటలకు పునాది వేసినవాడు విల్ క్రౌథర్. అమెరికాలో ప్రోగ్రామరు, గుహల్లో తిరగడం అతని సరదా. భార్య నుంచి విడిపోయాక, పిల్లలు తన దగ్గరికి వచ్చినప్పుడు ఆడుకుంటారని 1970ల నడుమ ఒక గుహ ఆట రాశాడు. బొమ్మలు లేవు, అన్నీ మాటలే. ప్రేమను ఆటగా మలిచిన వాటిలో జపాన్‌లో 1994లో వచ్చిన టోకిమెకి మెమోరియల్ పేరుమోసింది. బడి చదువు ముగిసిన రోజున ఒక చెట్టు కింద అమ్మాయి తన మనసు చెప్పాలి, అంతవరకూ ఆటగాడు తన నడవడిక సరిదిద్దుకోవాలి.

మనకు ఇంకా పాత కథ ఆట ఉంది. చందమామ చదివి పెరిగినవాళ్ళెవరూ శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి మరిచిపోరు. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేసేవాడు. రాజు జవాబు చెప్పేలోగా పుస్తకం మూసి మనమూ ఒక జవాబు అనుకునేవాళ్ళం. కథాసరిత్సాగరంలోని బేతాళ కథల్లో మందారవతి కథ ఒకటుంది. ఆమెను ముగ్గురు యువకులు కోరారు. పెళ్ళి కాకుండానే ఆమె చనిపోయింది. ఒకడు ఆమె బూడిద మీదే పడుకుని శ్మశానంలో ఉండిపోయాడు. ఒకడు అస్థికలు గంగలో కలపడానికి వెళ్ళాడు. మూడోవాడు దేశాలు తిరిగి బతికించే మంత్రం నేర్చుకొచ్చాడు. ఆమె బతికింది. మరి ఎవరికి భార్య కావాలి? ప్రాణం పోసినవాడు తండ్రితో సమానం, అస్థికలు మోసినవాడు కొడుకుతో సమానం, బూడిదను విడవనివాడే భర్త అన్నాడు విక్రమార్కుడు.

తీర్పు అద్భుతంగా ఉంది. ఇప్పుడు ఆ కథనే ఆటగా చేసి మన డిగ్రీ కాలేజీ అమ్మాయి చేతికిస్తే ఆమె వెతికే జవాబు ఆ మూడింటిలో ఉండదు. బతికొచ్చిన మందారవతి ఎదురుగా నిలబడి ఉండగా ఆమెనే అడగవచ్చు కదా అంటుంది. ఇవాళ్టి ఆటగాళ్ళ అభిప్రాయాలన్నీ వడగడితే మిగిలేది ఇదే. ఎదుటి పాత్రకు కాదనే హక్కు ఉండాలి. కాదనగలిగిన పిల్ల అవునన్నప్పుడే ఆ అవునుకు విలువ.

నల్లమల చెంచుపిల్ల

ఆ హక్కు మన కథల్లో లేదనుకోవద్దు. నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి కృష్ణ దాటి అహోబిలం దాకా పరుచుకున్న నల్లమలలో ఒక కథ ఉంది. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక కూడా నరసింహుడి కోపం చల్లారలేదు. అడవిలో తిరుగుతుంటే ఒక చెంచుపిల్ల ఎదురైంది. దేవుడు మనసు పడ్డాడు. ఆమె దండం పెట్టి చేతులు కట్టుకు నిలబడలేదు. ఊరూరా ఆడిన, పాడిన రూపాల్లో ఆ పిల్ల ఎదురు ప్రశ్నలు వేస్తుంది. అడవిలో మాతో బతకాలంటే తేనె తీయాలి, దుంపలు తవ్వాలి, వేటకు రావాలి, నీకు చేతనవుతుందా అని అడుగుతుంది. సింహముఖం వాణ్ణి చూసి భయపడకుండా ఆటపట్టిస్తుంది. దేవుడు ఆ పరీక్షకు నిలబడ్డాకే పెళ్ళి. అందుకే చెంచులకు నరసింహుడు ఇప్పటికీ ఇంటి అల్లుడు. సంక్రాంతి వేళ అహోబిలం పారువేటలో ఉత్సవమూర్తి పల్లెలకు కదిలేది తన పెళ్ళికి చెంచు అత్తవారిని పిలవడానికేనని జనం నమ్మకం.

సరదా, మాయ, ప్రేమ, ఆడేవాడి ముందు కొన్ని దారులు, ఎదుటివారి చేతిలో నిర్ణయం. కథ ఆటకు కావలసిన సరుకంతా అందులో ఉంది.

ఇది కథవరకే కాదు. ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచు పెంటల్లో, అంటే వాళ్ళ గూడేల్లో, ఉండి పరిశోధన చేశాడు. 1943లో వచ్చిన అతని పుస్తకంలో చెంచుల్లో భార్యాభర్తలు సమానంగా బతికే తీరును ప్రత్యేకంగా రాశాడు.

ఎనిమిది మందిలో నవ్వు ఒకరిది

నవ్వు పాలు ఎంతన్న ప్రశ్నకు మళ్ళీ వద్దాం. గద్వాల కోటలో ఇప్పుడు డిగ్రీ కాలేజీ నడుస్తోంది. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు పెట్టుకున్న కాలేజీ. 1924 నుంచి సంస్థానాలు విలీనమయ్యే దాకా ఆమె పాలించింది. పండితసభలు జరిపి, కవులను సత్కరించి, పుస్తకాలు అచ్చు వేయించింది. అంతకుముందు నుంచే ‘విద్వద్గద్వాల’ అన్న కీర్తి ఉంది. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వచ్చినవాళ్ళే.

ఆ జంటకవులు ఊరూరా ఆడి చూపించిన అష్టావధానం కూడా నలుగురు కలిసి ఆడేదే. ఒకవైపు అవధాని, ఎదురుగా ఎనిమిది మంది పృచ్ఛకులు. సమస్య ఇచ్చేవాడు కావాలనే తప్పుగా వినిపించే పాదం ఇస్తాడు. ఉదాహరణకు కొత్త పెళ్ళికూతురు మొగుణ్ణి పక్కన పెట్టి మరో మగవాణ్ణి కావలించుకుందన్న అర్థం వచ్చేలా పాదం ఉంటుంది. సభ ఉలిక్కిపడుతుంది. అవధాని పై మూడు పాదాలు పూరించి, అప్పగింతల వేళ ఆ పిల్ల కన్నతండ్రిని వాటేసుకుని ఏడ్చిందని తేల్చేస్తాడు. ఉలికిపాటు పోయి కళ్ళు చెమరుస్తాయి. శృంగారపు అంచుదాకా వెళ్ళి మర్యాదగా వెనక్కి రావడం ఆ పూరణలోని నేర్పు.

హాస్యం కోసం వేరే మనిషి ఉంటాడు. అప్రస్తుత ప్రసంగి. అవధాని పద్యం అల్లుకుంటూ ఉంటే మధ్యలో దూరి సంబంధం లేని ప్రశ్నలు వేస్తాడు. భార్య అలిగితే ఏం చేస్తారంటాడు, సినిమాలోకి రమ్మంటే హీరోయిన్‌గా ఎవరిని పెట్టుకుంటారంటాడు. అవధాని వెంటనే నవ్వుతూ బదులివ్వాలి. ఆడవాళ్ళూ పిల్లలూ కూర్చున్న సభలో ఎవరూ తల దించుకోకూడదు.

ఎనిమిది మందిలో నవ్వించే కుర్చీ ఒక్కటే. మిగతా ఏడుగురు అవధానాన్ని నడిపిస్తారు. హాస్యం పాలు ఎంతుండాలని ఇప్పటి ఆటల తయారీదారులు తలలు పట్టుకుంటున్న చోట మన పెద్దలు సభను అమర్చిన తీరులోనే లెక్క తేల్చారు.

ఊళ్ళో భాగోతానిదీ అదే పద్ధతి. చిందు భాగోతంలో బుడ్డర్‌ఖాన్ వచ్చాడంటే పిల్లలు ముందుకు జరిగి కూర్చుంటారు. వేషాల మధ్య వచ్చి, జనాన్ని పలకరించి, ఊరి సంగతులు కలిపి నవ్వించి పోతాడు. కథానాయిక దుఃఖం ఆమెకే ఉంటుంది.

---

సంస్థానాల సరసం

• జటప్రోలు పాలకుడు సురభి మాధవరాయలు 17వ శతాబ్దంలో ‘చంద్రికా పరిణయం’ అనే శృంగార ప్రబంధం రాశాడు. ఆ సంస్థానానికి తర్వాత కొల్లాపురం రాజధాని అయింది. ఇప్పుడది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది.

• భర్తృహరి నీతి, శృంగార, వైరాగ్య శతకాలను ఎలకూచి బాలసరస్వతి ‘మల్లభూపాలీయం’గా తెలుగు చేసి సురభి వంశపు రాజుకు అంకితమిచ్చాడు.

• నన్నెచోడుడి ‘కుమారసంభవం’ను 1909లో వెలికితెచ్చిన మానవల్లి రామకృష్ణకవికి వనపర్తి సంస్థానంతో దగ్గరి అనుబంధం. శివపార్వతుల ప్రేమకథ అది.

 

---

తీపిమాటకు ధర

మంచి చెప్పాక చెడూ చెప్పాలి. ఫోనులో ఉచితంగా దొరికే ప్రేమకథల ఆటలు చాలా ఉన్నాయి. ఎపిసోడ్, చాయిసెస్ లాంటివి ప్రపంచమంతటా పేరున్నవి. ఎదుటి పాత్ర ఒక మాట అంటుంది. మీ ముందు రెండు మూడు జవాబులు. మామూలు జవాబు ఉచితం. మనసుకు నచ్చే జవాబు, దగ్గరయ్యే ఘట్టం, అందమైన చీర కావాలంటే మాత్రం వజ్రాలో రత్నాలో ఖర్చవుతాయి. అవి అయిపోతే రూపాయలు పెట్టి కొనాలి. డబ్బున్న పిల్లకు తీపి ప్రేమ, లేనిదానికి పొడి ప్రేమ అన్నమాట. ఇది జూదం కాదు కాబట్టి కొత్త చట్టం పెట్టిన నిషేధం కిందికి రాదు. కాని పదిహేనేళ్ళ పిల్లకు ప్రేమంటే కొనుక్కునేదని నేర్పడం చిన్న తప్పు కాదు. ఆటగాళ్ళే దీన్ని గట్టిగా విమర్శిస్తున్నారు. నేను వాళ్ళ పక్షం.

కానుకల లెక్కలోనూ ఒక ప్రమాదం ఉంది. వారానికి రెండు వస్తువులు ఇస్తూ పోతే ఎవరి మనసైనా నిండుతుందని ఆట చెబితే, ఆ లెక్క బయట పనిచేయనప్పుడు కుర్రాడు ఏమవుతాడు? వద్దందని ఆడపిల్ల మీద కక్షగట్టిన వార్తలు మనం ఎన్ని చదవలేదు! అందుకే పూలగుత్తి తిరిగొచ్చే ఆట నాకు విలువైనదిగా కనిపిస్తుంది. కాదన్నంత మాత్రాన అబిగేల్ శత్రువు కాదు. మర్నాడు పలకరిస్తే పలుకుతుంది. కుర్రాడు తన పొలం దున్నుకుంటాడు.

మన భాషలో ఎప్పుడు?

నాలుగు కోట్ల ప్రతులు దాటి అమ్ముడైన స్టార్‌డ్యూ వ్యాలీ పన్నెండు భాషల్లో దొరుకుతుంది. హంగేరియన్, టర్కిష్ ఉన్నాయి. తెలుగు లేదు, మరే భారతీయ భాషా లేదు. పుణెలోని నోడింగ్ హెడ్స్ సంస్థ 2020లో ‘రాజీ’ అనే పురాణ సాహసపు ఆట చేసి తర్వాత హిందీ గొంతులు చేర్చింది. 2023లో వచ్చిన ‘వెన్బా’ కెనడాకు వెళ్ళిన తమిళ కుటుంబం వంటింటి కథ. ఇడ్లీ పాత్ర ముందు నిలబడి అమ్మ వంట చేసే ఆ ఆటను ప్రపంచమంతా ఆడింది. అలాంటి పని మనమూ చేయగలం.

దానికి కోట్లు అవసరం లేదు. ట్వైన్ అనే ఉచిత పనిముట్టు 2009 నుంచి ఉంది. ప్రోగ్రామింగ్ రాకపోయినా కథను ముక్కలుగా రాసి, ఏ జవాబు ఎంచుకుంటే ఏ ముక్కకు వెళ్ళాలో గీత గీసి కలపవచ్చు. తెలుగు అక్షరాలు వెబ్ పేజీలో కనిపించినట్టే కనిపిస్తాయి. కథ రాయగల చెయ్యి, మాట తెలిసిన చెవి ఉంటే చాలు.

మన దగ్గర కథకు కొదవేముంది? అమ్రాబాద్ అడవిలో తేనె తీసే చెంచుపిల్ల ఉంది. మల్లెలతీర్థం నీళ్ళలో దాక్కునే ఒక అల్లరి దయ్యాన్ని కల్పించుకోవచ్చు. కొల్లాపురం దగ్గర సోమశిలలో పడవ ఎక్కించి కృష్ణ దాటించవచ్చు. పూలగుత్తికి బదులు గద్వాల చీర పెట్టండి. నూలు ఒడలుకు పట్టు అంచూ కొంగూ విడిగా నేసి కలిపే చీర అది. అది నేసిన మగ్గం ఇంటికి వెళ్ళి, ఆ పిల్లకు ఏ రంగంటే ఇష్టమో కనుక్కుని తెస్తేనే తీసుకోవాలి. తెలియకుండా తెస్తే, “నాకిది వద్దు బావా” అని నవ్వుతూ తిప్పి పంపాలి.

గద్వాల కోట కాలేజీలో తెలుగు చెప్పే మాస్టార్లకు, వనపర్తి పాలిటెక్నిక్‌లో కంప్యూటరు నేర్చుకుంటున్న పిల్లలకు, నాగర్‌కర్నూల్‌లో కథలు రాసే కొత్త చేతులకు ఒక మనవి. ముగ్గురూ ఒకచోట కూర్చోండి. ఈ వేసవి సెలవుల్లో అరగంటలో ఆడి ముగించేంత చిన్న కథ ఆట ఒక్కటి పాలమూరు మాటలో రాయండి. మొదట మీ ఇంట్లో అక్కాతమ్ముళ్ళ చేత ఆడించండి. ఎక్కడ నవ్వారో, ఎక్కడ విసుక్కున్నారో, ఏ జవాబు లేక ఆగిపోయారో రాసుకుని, ఆ జవాబు కూడా చేర్చండి.